మార్చి, ఏప్రిల్‌లో డాష్‌బోర్డు కవరు వేయించుకున్నవాళ్లు ఒకసారి చదవండి

ఆ రెండు నెలల్లో మన షాపులో డాష్‌బోర్డుకి కొత్త రెగ్జిన్ వేయించుకున్న బళ్లు ఆరు. అందులో నాలుగింటికి మీటరు ముందుండే గొయ్యిలో రెగ్జిన్ పైకి లేచిపోయింది. మొదటాయన చీపురుపల్లి నుంచి వచ్చి "ఏటి బావూ, ఉల్లిపొరలాగ ఊడొచ్చేస్తంది" అని వేలితో లాగి మరీ చూపించారు. ఎండకి అంతేనండీ అని ఆ రోజు బుకాయించాను. తప్పు నాదే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నిజమే, కానీ ఆ ఎండకి పగిలిన డాష్‌బోర్డనే కదా మీరు నా దగ్గరికి తెచ్చింది.

మూడో బండి కూడా వచ్చాక ఇంక లాభం లేదని నా పాత కారు డాష్‌బోర్డే ఊడదీసి ఇంటి వరండాలో పెట్టుకున్నాను. మూడు వారాలు షాపు ఆలస్యంగా తెరవడానికి కారణం ఇదే. రాత్రి రెండింటి దాకా దాంతోనే కూర్చుంటే పొద్దున్న లేవలేకపోయాను.

తేలిందేమిటంటే, సీట్లకి వాడే సొల్యూషనే డాష్‌బోర్డుకీ పూశాను. కోట దగ్గర ఒక కారుని అద్దాలు బిగించి మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేసి, డాష్‌బోర్డు మీద కొలిస్తే 71 డిగ్రీలు చూపించింది. ఆ వేడికి ఆ జిగురు మెత్తబడి తీగలు సాగుతుంది. పైగా గొయ్యి దగ్గర రెగ్జిన్‌ని హీట్ గన్‌తో వేడిచేసి, లాగి, నొక్కి అంటించేశాను. లాగిన రెగ్జిన్ వేడి తగిలినప్పుడల్లా మళ్లీ మొదటి కొలతకి పోదామని చూస్తుంది, అంటే జిగురు వదిలేసే వేళకే అది గుంజుతుంది. ఇంకెక్కడ ఆగుతుంది?

ఇప్పుడు మీటరు గూడు అంచున రెండు ముక్కలుగా కత్తిరించి, కుట్టేసి తర్వాత అంటిస్తున్నాను. అప్పుడు లాగే పనే ఉండదు. కుట్టు వంకర పోతే మాత్రం స్టీరింగు వెనక కూర్చున్నంతసేపూ కళ్లకి అదే కనిపిస్తుంది, నేను మూడుసార్లు విప్పాను. జిగురు కూడా ఎక్కువ వేడి తట్టుకునేది తెప్పించాను. రెండు వైపులా పూసి, వేలికి అంటీ అంటకుండా ఆరాక, గొయ్యి అడుగు నుంచి మొదలుపెట్టి అంచులవైపు వేళ్లతో నొక్కుకుంటూ రావాలి. ఇన్నాళ్లూ అంచుల నుంచి లోపలికి వచ్చేవాణ్ణి.

పగుళ్ల సంగతి కూడా చెప్పాలి. ఏళ్లతరబడి ఎండ తగిలితే పైపొరలో మెత్తదనం ఇచ్చే నూనెలాంటి పదార్థం ఆరిపోయి, పొర కుంచించుకుని చీలుతుంది, చీలిన అంచులు పెదాల్లా పైకి లేస్తాయి. వాటిమీద పుట్టీ మెత్తేసి రుద్దితే ఆ రోజుకి నున్నగానే ఉంటుంది. బాడీకి వాడే గట్టి పుట్టీ అయితే ఒక్క వేసవిలో అదే గీత మళ్లీ తేలుతుంది. లేచిన అంచులు కోసేసి, పగులుని వి ఆకారంలో వెడల్పు చేసి, వంగే రకం ఫిల్లరు నింపి, 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 320 దాకా రుద్దాలి. పనంతా ఇక్కడే, కుట్టడం ఒక పూట.

అందుకని ఇకమీద డాష్‌బోర్డుకి పది రోజులు పడుతుంది, రేటు కూడా పెరుగుతుంది. ఆ ఆరు బళ్లకీ మాత్రం పైసా తీసుకోకుండా మళ్లీ చేసిస్తాను, ఊడకపోయినా తీసుకురండి.

ఎడమవైపు ఎయిర్‌బ్యాగు ఉన్న డాష్‌బోర్డులు ఇంక ముట్టుకోను. బ్యాగు పేలినప్పుడు పైపొర ఫలానా గీత వెంటే తెరుచుకునేలా కంపెనీ చేస్తుంది, దానిమీద నేను ఇంకో పొర అంటిస్తే ఏమవుతుందో పరీక్షించే అవకాశం నాకు లేదు. 2022 నుంచి తయారైన కార్లన్నిటికీ అది ఉంటుంది, కాబట్టి బతిమాలొద్దు. గోధుమరంగు, క్రీమ్ రంగు అడిగేవాళ్లకి మరో మాట: ముందు అద్దంలో దాని నీడ పడి రోడ్డు సరిగా కనబడదు. నల్లదే, మెరుపు లేనిదే వేయించుకోండి.

బొబ్బిలి కాంటెస్సా కారు ఓనరు గారూ, మీది కుట్టడం అయిపోయింది. వారం రోజులు మా డాబా మీద ఎండలో ఉంచాకే ఇస్తాను. ప్రస్తుతం వడియాల పక్కనే ఉంది, మా ఆవిడ కాకుల్ని తోలుతూ దాన్నీ చూస్తోంది.