మట్టి లేని రైతు మట్టి పరీక్ష రిపోర్టు ఎక్కడి నుంచి తేవాలి, మంత్రి గారూ?

గౌరవనీయులైన వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి,

నమస్కారం సార్. విజయవాడ సింగ్ నగర్ నుంచి రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను, నాలుగూ సోమవారం గ్రీవెన్స్‌లోనే. నాలుగింటికీ ఫోన్‌కి ఒకటే మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో ఆ మెసేజ్ పంపినవాళ్ళకి తెలుసేమో, నాకైతే తెలియదు. అందుకే ఐదోది ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్ళలో చేసే సాగు, దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా డాబా మీద 18 పైపులు, 900 రంధ్రాలు, ఒక ట్యాంకు, ఒక పంపు. లెట్యూస్, పాలకూర, కొంచెం కొత్తిమీర వేస్తాను, బెంజ్ సర్కిల్ వైపు హోటళ్ళకి, బర్గర్ షాపులకి ఇస్తాను. మొదటి అర్జీ మొక్కలకి నీడనిచ్చే షెడ్‌నెట్ సబ్సిడీ కోసం. పట్టాదారు పాసుపుస్తకం అడిగారు, భూమి రికార్డు 1బి అడిగారు, సరే అవి లేవు, డాబాకి సర్వే నంబర్ ఎక్కడుంటుంది. ఆ తర్వాత మట్టి పరీక్ష రిపోర్టు అడిగారు. మట్టి లేదండి అన్నాను. ఆఫీసులో ఉన్నాయన కాగితంలోంచి తల ఎత్తకుండా, మట్టి లేకుండా మొక్క ఎట్లా వస్తుందండీ అన్నాడు. నీళ్ళలో అన్నాను. అయితే చేపల వాళ్ళ ఆఫీసుకి వెళ్ళండి అన్నాడు. జోక్ అనుకున్నాను సార్, కాదు.

నీళ్ళ రిపోర్టు ఇస్తానన్నాను. పీహెచ్ 5.5కి, 6.5కి మధ్య ఉందా లేదా, ఈసీ ఎంత (నీళ్ళలో పోషక లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత), ఎండాకాలమైతే ట్యాంకులో నీళ్ళు ఎంత వేడెక్కాయి, అన్నీ రోజూ పొద్దున్నే చూసి రాస్తాను. మే నెలలో నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, వేర్లు గోధుమరంగుకి తిరిగి జిగురుజిగురుగా కుళ్ళిపోతాయి, అందుకని బాటిళ్ళలో నీళ్ళు గడ్డకట్టించి ట్యాంకులో వేస్తుంటాం (మా ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్‌కి చోటు లేదని పిల్లల గొడవ, అది వేరే అర్జీ). మూడేళ్ళ నోట్‌బుక్ పట్టుకెళ్ళి చూపించాను. వాళ్ళ ఫారంలో ఆ గడి లేదట.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది బుడమేరు వాగు వరద.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆ రోజు సింగ్ నగర్ ఎలా ఉందో మీరూ చూశారు. మా కింద పోర్షన్ మునిగింది, మేం రెండో అంతస్తు, డాబా మీదికి చుక్క వరద నీరు రాలేదు. కానీ కరెంటు పోయింది. పొలంలో అయితే కరెంటు పోయినా మట్టిలో తడి ఉంటుంది, పైరు నాలుగు రోజులైనా ఆగుతుంది. పైపులో ఉండేది పలచటి పొర నీళ్ళు సార్, పంపు ఆగితే ఆ పొర జారిపోతుంది, ఇంక వేర్లు గాలిలో వేలాడుతుంటాయి. ఇన్వర్టర్ మధ్యాహ్నం దాకా లాగింది. తర్వాత నేను, మా ఆవిడ మగ్గులు పట్టుకుని ట్యాంకులోంచి ముంచి ఒక్కో రంధ్రంలో పోశాం. 900 రంధ్రాలు. పద్దెనిమిదో పైపు దగ్గరికి వచ్చేసరికి మొదటి పైపు ఆరిపోయేది, మళ్ళీ మొదలు. రాత్రంతా సెల్‌ఫోన్ లైట్‌లో పోశాం, అదీ చార్జింగ్ ఉన్నంతసేపే. సోమవారం ఎండ కాసింది. సాయంత్రానికి 30 రోజుల లెట్యూస్ మొత్తం తలలు వాల్చేసింది. చుట్టూ మనిషి లోతు నీళ్ళు, మధ్యలో డాబా మీద నీళ్ళు లేక చచ్చిన పంట. చెబితే ఇప్పటికీ నవ్వుతారు.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, డాబా ఎక్కారు, ఫోటో కూడా తీసుకున్నారు. ఇంటికి పై అంతస్తు లెక్కన 10,000 వచ్చాయి, రాలేదని అబద్ధం చెప్పను. పంటకి మాత్రం ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం పంటలు రాసుకునే ఆన్‌లైన్ రికార్డులో, నమోదు లేదు కాబట్టి అది పంట కాదన్నారు. నమోదు చేయమని రెండేళ్ళ ముందు తిరిగింది నేనే కదండీ! అప్పుడు పొలం కాదన్నారు, ఇప్పుడు పంట కాదంటున్నారు. కరెంటు మీటరు మార్చమంటే ఇది వ్యాపారం, కమర్షియలే అన్నారు. బ్యాంకులో ఏమో ఇది వ్యవసాయమూ కాదు, వ్యాపారమూ కాదు, హాబీ అన్నారు. నెల నెలా ఆ బిల్లు కట్టే హాబీ ఎవరికుంటుంది సార్. వ్యవసాయ కనెక్షన్ కింద పగలు 9 గంటల కరెంటు ఉచితమని మాకూ తెలుసు, మాకు ఉచితం వద్దు, 24 గంటలూ ఉండే కరెంటు వ్యవసాయం రేటుకి ఇవ్వండి చాలు.

సిమ్లాలో కేంద్ర ప్రభుత్వానిదే బంగాళదుంప పరిశోధన సంస్థ ఉంది. చీకటి పెట్టెల్లో వేర్లు వేలాడదీసి, పోషకాలు కలిపిన నీటిని మంచులా చిమ్ముతూ విత్తన దుంపలు పండిస్తారు. గోరంత మట్టి ఉండదు. వాళ్ళని ఎవరైనా మట్టి రిపోర్టు అడిగారా? అడిగి ఉంటే ఆ ఫారం కాపీ ఒకటి పంపించండి, ఎలా నింపారో చూసి నేనూ నింపుతాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఫారంలో మట్టి లేని సాగు అని ఒక గడి పెట్టండి. ఈ-క్రాప్‌లో డాబాకి ఇంటి నంబర్ వేసి రాసుకోండి. ఆ మీటరు సంగతి చూడండి. పోయిన పంటకి డబ్బులు ఇవ్వకపోయినా అది పంటేనని ఒక్క కాగితం ఇవ్వండి. ఏదో ఒకటి చేయండి సార్, కనీసం పరిష్కరించబడింది అనే మెసేజ్ అయినా ఆపండి.

వచ్చే సోమవారం మళ్ళీ వస్తాను. మట్టి కావాలన్నారు కదా, బుడమేరు మా గేటు దగ్గర వదిలి వెళ్ళిన బురద ఇంకా అర బస్తా ఉంది, కిలో కట్టి తెస్తాను. పరీక్ష చేయించండి.

ఇట్లు,
సింగ్ నగర్ డాబా రైతు
(మీ రికార్డుల్లో లేడు)