కాగితాలు చూస్తున్నారు సరే, బ్రేకులు ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

నమస్కారమండి. మా బరంపురంలో స్కూటర్ల మీద తిరిగే జనం గురించి ఒక మాట రాస్తున్నాను, వీలుంటే ఒడిశా పేజీలో వెయ్యండి.

ఇక్కడ చెకింగ్ పెట్టారంటే హెల్మెట్టు, లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, ఇవే చూస్తారు. చూడాల్సిందే, నేను కాదనను. 2019 సెప్టెంబరులో జరిమానాలు పెంచి, పొల్యూషన్ లేకపోతే పది వేలు అనేసరికి జనం అంతా పొల్యూషన్ సెంటర్ల ముందు బారులు తీరారు, అంటే గట్టిగా అడిగితే జనం చేస్తారనే కదా. కానీ ఆ లైన్లో ఉన్న బండి టైరు గుండు అయిపోయినా, బ్రేకు నొక్కితే లీవర్ వచ్చి హ్యాండిల్‌కి ఆనుకుపోతున్నా సర్టిఫికెట్ మాత్రం వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ మెషిను సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ ఒక్కటే చూస్తుంది, దాని పని అంతవరకే.

ఆటోలకీ లారీలకీ బండి కండిషన్ చూసే ఫిట్‌నెస్ పరీక్ష అని ఒకటుంది. సొంత స్కూటరుకి అదీ లేదు. ఒకసారి రిజిస్ట్రేషన్ అయ్యిందంటే 15 ఏళ్ళకి మళ్ళీ రెన్యువల్‌కి వెళ్ళేదాకా ప్రభుత్వం తరఫున ఆ బండి టైరు గానీ బ్రేకు గానీ చూసే మనిషే లేడు. ఈ 15 ఏళ్ళలో ఆ బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది, మా ఊళ్ళో అయితే ఇచ్ఛాపురం నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చేవి కూడా తక్కువేం కాదు.

మొన్న వానల్లో మా వీధి అమ్మాయి ఒకామె గిరి రోడ్డులో మలుపు తిరుగుతూ జారి పడింది, మోకాలు చిప్ప దెబ్బతింది. హెల్మెట్ ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి, స్పీడు కూడా లేదు. తర్వాత బండి ఇంటికి తెచ్చినప్పుడు నేను వెనక టైరు చూశాను, మధ్యలో వేలు పెట్టి రాస్తే పలక మీద రాసినట్టు నున్నగా ఉంది, పక్కల్లో సన్న సన్న పగుళ్ళు, టైరు మీద ఒక గుండ్రటి గీతలో నాలుగంకెలు 3116 అని ఉన్నాయి. అంటే 2016లో 31వ వారంలో తయారైన టైరన్నమాట. ఈ అంకెలు ప్రతి టైరు మీదా ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం, ఇది చాలామందికి తెలీదు. టైరు అరక్కపోయినా ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు పోతుంది. టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకి తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది మరి, ఆ రూలుని రోడ్డు మీద అడిగేవాళ్ళేరి?

బ్రేకు చూడ్డం కూడా పెద్ద విద్యేం కాదండి. డ్రమ్ బ్రేకు బండి అయితే వెనక చక్రం దగ్గర కేబుల్ తగిలించిన చిన్న ఆర్మ్ ఉంటుంది, చాలా బండ్లకి దాని మీద బాణం గుర్తు, పక్కన డ్రమ్ ప్లేటు మీద ఇంకో గుర్తు ఉంటాయి. బ్రేకు పూర్తిగా నొక్కి పట్టుకుంటే ఆ బాణం వెళ్ళి గుర్తుకి ఎదురుగా నిలబడిందా, లోపల డ్రమ్‌కి రాసుకుని చక్రాన్ని ఆపే షూస్ అరిగిపోయినట్టే, మార్పించాలి. మనవాళ్ళు ఏం చేస్తారంటే బ్రేకు పడట్లేదని నట్టు ఇంకో రెండు చుట్లు బిగించుకుని వెళ్ళిపోతారు, మెకానిక్ కూడా అడిగిన పనే చేసి పంపేస్తాడు. గోపాల్‌పూర్ వైపు ఉండేవాళ్ళకి ఉప్పు గాలికి కేబుల్ లోపల తుప్పు పట్టి లీవర్ బిగుసుకుపోవడం ఇంకో బాధ. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త స్కూటర్లకి కనీసం కాంబీ బ్రేకు అయినా ఉండాలని తప్పనిసరి చేశారు, ఎడమ లీవర్ నొక్కితే రెండు చక్రాలకీ పడుతుంది, మంచిదే, కానీ కేబుళ్ళు సరిగ్గా సెట్ చెయ్యకపోతే అదీ పేరుకే.

ఆదివారం తప్తపాణి ఘాట్‌లో చూడండి ఒకసారి, స్కూటరు మీద భార్యాభర్తలు, ముందు ఒక పిల్లాడు, మధ్యలో ఇంకోడు, బ్రేకు పట్టుకునే దిగుతుంటారు. గేరు బండిలా ఇంజను ఆపి పట్టుకోదు స్కూటరు, భారమంతా బ్రేకుల మీదే. గాలి చూపించేవాళ్ళు ఎంతమంది? 110 సీసీ స్కూటర్లు చాలావాటికి ముందు టైరులో 22 పీఎస్‌ఐ, వెనక ఒక్కరైతే 29, ఇద్దరెక్కితే 36 అని కంపెనీ బుక్కులోనే ఉంటుంది. ఇంజన్ ఆయిలు మాత్రం అందరూ గుర్తుపెట్టుకుని మార్పిస్తారు, బండి ఆగిపోతుందని భయం కాబట్టి. బండి ఆగకపోతే ఏంటన్నది ఎవరూ ఆలోచించరు.

అందుకని గంజాం ఆర్టీఓ గారినీ, ట్రాఫిక్ పోలీసు వారినీ, మున్సిపల్ కార్పొరేషన్ వారినీ అడిగేది ఒకటే. జనవరిలో రోడ్డు భద్రతా నెల అని ర్యాలీలు, ప్రతిజ్ఞలు పెడుతున్నారు, దాంతో పాటు జూన్ మొదట్లో, వానలు దిగకముందు, వారం పది రోజులు టైర్లు, బ్రేకులు, లైట్లు చూసే క్యాంపు పెట్టండి. మన ఊళ్ళో మెకానిక్ కుర్రాళ్ళకి కొరత లేదు, రోజుకూలీ ఇచ్చి కూర్చోబెడితే బండికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మొదట్లో ఫైన్ వద్దండి, ఏం మార్చుకోవాలో ఒడియా, తెలుగు రెండిట్లో రాసిన చీటీ ఇచ్చి పదిహేను రోజులు టైమివ్వండి, రోజుకూలీ చేసుకునేవాడు ఒక్కసారిగా టైరు కొనలేడు కదా. పొల్యూషన్ సెంటర్లలో కూడా పొగ చూసేటప్పుడే టైరు, బ్రేకు ఓసారి చూసి రసీదు మీద రాసిచ్చేలా ఉత్తర్వు ఇస్తే ఏడాది పొడవునా జరిగిపోతుంది, ఎలాగూ బండి అక్కడికి రావాల్సిందే.

మీ పత్రిక వాళ్ళు అధికారుల్ని అడిగి, క్యాంపు పెడతారో లేదో వాళ్ళ జవాబు కూడా వెయ్యాలని కోరుతున్నాను. పర్లాకిమిడి, రాయగడ వైపు ఘాట్ రోడ్లు ఇంకా ఎక్కువ, అక్కడి పాఠకులు కూడా రాస్తే బాగుంటుంది.

ఇట్లు
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా