ముందు ఏముందని ఆపారు?

విజయవాడ,
22 సెప్టెంబర్ 2025

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: కారు తనంతట తానే బ్రేకు వేసిన సంగతి, ఆ తరువాత వంద రోజులుగా మీలో ఒక్కరూ నోరు విప్పని సంగతి.

మీరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. మీ పేరు చెప్పమని మీ కాల్ సెంటర్ వారిని నాలుగుసార్లు అడిగాను. అది భద్రతా నియమాలకు విరుద్ధమట. నా ఆధార్, నా చిరునామా, నా ఫోను నంబరు, చివరకు మా ఆవిడ పుట్టిన తేదీ కూడా మీ దగ్గర ఉన్నాయి. పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పంపారు. సంతోషం. ఇక అసలు విషయానికి వస్తాను.

జూన్ 14, శనివారం. నేనూ మా ఆవిడా హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఇంటికి బయలుదేరాం. వెనుక సీట్లో ఒక బుట్ట నూజివీడు రసాలు, ఆ ఏటికి ఆఖరి కోత. సూర్యాపేట దాటి, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి, నకిరేకల్ వైపు వెళుతున్నాం. ఎండగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. వేగం ఎనభై అయిదు. నా కాలు బ్రేకు మీద లేదు. ఉన్నట్టుండి టకటకమని హెచ్చరిక మోగింది, తెర మీద ఎర్రబొమ్మ వెలిగింది, కారు ముక్కు నేలకు వంచి ఆగినంత పని చేసింది. సీటు బెల్టు ఛాతీకి కోసుకుపోయింది. మామిడిపళ్లు బుట్టలోంచి మా తలల పక్కగా వచ్చి డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. ముందు ఏమీ లేదు. గేదె లేదు, మేక లేదు, ఎదురుదారిలో వచ్చే మోటారు సైకిల్ లేదు. ఆ రోడ్డు మీద అవన్నీ ఉంటాయని నాకు తెలుసు, కాబట్టే చూస్తూ నడుపుతాను. ఆ క్షణాన ఏమీ లేదు.

వెనుక ఆర్టీసీ బస్సు ఉంది. ఆ డ్రైవరు ఎలా ఆపాడో ఆయనకే తెలియాలి. మా వెనుక బంపరుకు, ఆయన బస్సుకు మధ్య జానెడు కూడా లేదు. ఆయన దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెమట తుడుచుకుని ఒకే మాట అడిగాడు: "పెద్దాయనా, ముందు ఏముందని ఆపారు?"

నా దగ్గర జవాబు లేదు. కారు ఆపిందని చెబితే నవ్వుతాడని సిగ్గుపడి, "ఏదో అడ్డొచ్చింది బాబూ" అని అబద్ధం చెప్పాను. అరవై నాలుగేళ్ల వయసులో, నేను చేయని పనికి, నాకు తెలియని కారణానికి ఆడిన అబద్ధం అది. ఆయన అడిగిన ప్రశ్ననే వంద రోజులుగా మీకు పంపుతున్నాను. ఆయనకున్న ఓపిక మీకు లేదు. బస్సు నిండా జనంతో మృత్యువు అంచున ఆగినవాడు మర్యాదగా అడిగాడు. ఏసీ గదిలో కూర్చున్న మీవారు మర్యాదగా జవాబు చెప్పలేకపోయారు.

మొదటి ఫోను జూన్ 16న చేశాను. తెలుగు కోసం ఫలానా అంకె నొక్కమన్నారు. నొక్కితే హిందీ మాట్లాడే అబ్బాయి పలికాడు. మళ్లీ నొక్కితే ఒక అమ్మాయి తెలుగులో పలికింది. నేను చెబుతూ ఉంటే మధ్యమధ్య "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. మొత్తం పదకొండుసార్లు. మా ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "అమ్మా, అసౌకర్యం కాదు, ప్రాణాపాయం" అన్నాను. "ప్రాణాపాయానికి కూడా చింతిస్తున్నాం సార్" అంది. ఆ పిల్లను తప్పు పట్టను. రాసి ఇచ్చిన కాగితం చదవడమే ఆమె ఉద్యోగం. ఆ కాగితం రాసినవారు ఎవరో వారితోనే నాకు పని.

48 గంటల్లో మాట్లాడతారన్నారు. 48 గంటలకు సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది, మీ అనుభవానికి నక్షత్రాలు ఇవ్వండి. ఫిర్యాదు పరిష్కారమైన సంగతి ఫిర్యాదు చేసినవాడికి ముందుగా తెలియకపోవడం ఒక విశేషం.

సర్వీస్ సెంటరుకు వెళ్లాను. అక్కడి సర్వీస్ అడ్వైజర్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ మీద వెలిసిపోయిన పసుపు బొట్టు చూసి, దొంగ దొరికినట్టు ముఖం పెట్టాడు. "సార్, బండికి పూజ చేయించారా?" చేయించానన్నాను. కొత్త బండికి కనకదుర్గమ్మ కొండ కింద పూజ చేయించని మనిషిని ఈ ఊళ్లో చూపించమనండి. "ముందు ఏముందో చూసే రాడార్‌కు పసుపు అడ్డుపడి ఉంటుంది సార్" అన్నాడు. పూజ జరిగింది దసరాకు. కారు ఆగింది ఆ తరువాత జూన్‌లో. ఎనిమిది నెలల పాటు వానలో తడిసిన పసుపు, పన్నెండుసార్లు మీవాళ్లే కడిగిన పసుపు, ఒక శనివారం పొద్దున ఉన్నట్టుండి తన మహిమ చూపిందన్నమాట! కారును మరోసారి కడిగి, కడిగినందుకు బిల్లు వేసి, చేతిలో పెట్టారు. జాబ్ కార్డు మీద మాత్రం "సాధారణ తనిఖీ" అని రాశారు. బ్రేకు మాట రాయమంటే, "ఆ మాటకు కంప్యూటర్‌లో కోడ్ లేదు సార్" అన్నారు.

రెండోసారి స్కానర్ పెట్టి చూశారు. ఏ లోపమూ లేదట. మూడోసారి అద్దం లోపలి కెమెరా మురికిగా ఉందన్నారు. నాలుగోసారి ఎండ ఎదురుగా కొట్టి ఉంటుందన్నారు. నేను వెళ్లింది పొద్దుటి పూట, పడమటి వైపు. సూర్యుడు నా వీపు వెనుక ఉన్నాడు. ఈ మాట చెబితే ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించి, "అయితే నీడ అయి ఉంటుంది సార్" అన్నాడు. అయిదోసారి వెళ్లినప్పుడు, మా వయసువారు కొత్త సాంకేతికతకు అలవాటు పడటానికి కొంత సమయం పడుతుందని, చాలా మృదువుగా, టీ ఇచ్చి మరీ చెప్పారు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను ముప్పై మూడేళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరును. కన్నుమూసి తెరిచేలోగా యంత్రం తనంతట తాను నిర్ణయం తీసుకోవడం నాకు కొత్త కాదు. సబ్‌స్టేషన్‌లో రిలేలు, అంటే లైనులో తేడా వస్తే కరెంటు ఆపించే పరికరాలు, చేసే పని అదే. కానీ లైన్ ట్రిప్ అయితే ఏ రిలే పనిచేసింది, ఎన్ని గంటలకు, ఏ ఫేజులో అని లాగ్ షీటులో రాశాకే తిరిగి ఛార్జి చేసేవాళ్లం. కారణం లేకుండా ట్రిప్ అయితే ఆ రిలేను పరీక్షకు పంపేవాళ్లం. "పసుపు అంటుకుంది" అని రాసి ఉంటే మా పై అధికారి డీఈ (డివిజనల్ ఇంజనీరు) గారు ఆ పూటే నన్ను ఏజెన్సీకి బదిలీ చేసి ఉండేవారు. ఫ్యూజ్ ఆఫ్ కాల్ ఆఫీసులో అర్ధరాత్రి జనం ఫోను చేసి మా ఇంటిల్లిపాదినీ తిట్టేవారు. తిట్లు తింటూనే లైన్‌మన్‌ను నిచ్చెనతో పంపేవాళ్లం. స్తంభం దగ్గరికి వెళ్లకుండా "పరిష్కరించబడింది" అని ఒక్కనాడూ రాయలేదు. ప్రభుత్వ ఉద్యోగులు పనిచేయరని లోకం అంటుంది. మిమ్మల్ని చూశాక ఆ లోకానికి కొంచెం సిగ్గు నేర్పాలనిపిస్తోంది.

జూలైలో మీ ఏరియా మేనేజర్ రేపు స్వయంగా మాట్లాడతారన్నారు. ఆ "రేపు" ఇంకా రాలేదు. ఇది కాక ఈమెయిల్ ఒకటి. నేను తెలుగులో రెండు పేజీలు రాస్తే మూడో వారంలో ఇంగ్లీషులో జవాబు వచ్చింది. అందులో నా పేరు లేదు. వేరెవరిదో పేరు, వారి కారు బ్యాటరీ మార్చినందుకు ధన్యవాదాలు. ఆ పెద్దమనిషికి నా బ్రేకు సంగతి చేరి ఉంటుందని ఆశిస్తున్నాను. ఆయనైనా జవాబు రాస్తారేమో.

ఆగస్టు 7 మాత్రం మరిచిపోలేను. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు మీ సర్వీస్ సెంటర్ సోఫాలో కూర్చున్నాను. పన్నెండున్నరకు నా ఫోనుకు సందేశం వచ్చింది: "వినియోగదారుడు అందుబాటులో లేనందున మీ ఫిర్యాదు మూసివేయబడింది." ఆ సందేశాన్ని ఎదురుగా కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి చూపించాను. ఆమె చూసి, నన్ను చూసి, "సిస్టమ్ పంపింది సార్" అంది. అంటే మీ కారు లేనిదాన్ని ఉందనుకుని ఆగుతుంది, మీ సిస్టమ్ ఉన్నవాడిని లేడనుకుని మూసేస్తుంది. రెండూ ఒకే కర్మాగారంలో తయారైనట్టున్నాయి. ఆ సాయంత్రమే మరో అబ్బాయి ఫోను చేసి, "సర్వే కాల్ వస్తుంది, దయచేసి పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిది ఇచ్చినా మా జీతంలో కోత పడుతుంది" అని బతిమాలాడు. పది ఇచ్చాను. నా కోపం ఆ కుర్రవాడి మీద కాదు. నా పదికి పది చూసి మీ బోర్డు సమావేశంలో ఎవరైనా చప్పట్లు కొట్టి ఉంటే, అవి భయంతో కొనుక్కున్న చప్పట్లని తెలియాలి.

నేను మీకు కొత్తవాడిని కాను. 2004లో మొదటి కారు, 2013లో రెండోది, నిరుడు దసరాకు మూడోది. మా బావమరిది, మా వియ్యంకుడు, మా తోడల్లుడి కొడుకు, వీరందరికీ మీ కారే కొనమని దగ్గరుండి ఇప్పించింది నేను. మొదటి కారు గేరు బాక్సు పాడైతే ఆనాటి మేనేజర్ ఆదివారం మా ఇంటికి వచ్చి, వీధిలో కారు కింద పడుకుని చూశాడు. కంపెనీ అంటే నాకు అదే గుర్తు. ఈ మూడో కారుకు పై రకమే కావాలని రెండు లక్షలకు పైగా ఎక్కువ కట్టాను. ఎందుకో తెలుసా? షోరూమ్ తెర మీద ఒక బొమ్మ పిల్లవాడు రోడ్డుకు అడ్డం రావడం, కారు తనంతట తాను ఆగడం చూపించారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. సంతకం అక్కడే పెట్టాను.

ఆటో బ్రేకు దండగని నేను అనను. మా అల్లుడు నాతో రోజూ వాదిస్తాడు. ఇవి ఉన్న కార్లు ముందు వాహనాన్ని గుద్దే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయని అమెరికాలో బీమా సంస్థలు నడిపే రహదారి భద్రతా సంస్థ తేల్చిందట. యూరప్‌లో 2024 జూలై నుంచి ప్రతి కొత్త కారుకూ ఇది తప్పనిసరట. మంచిదే. అదే అమెరికాలో, ఒక కంపెనీ కార్లు ఊరికే బ్రేకు వేస్తున్నాయని 354 ఫిర్యాదులు రాగానే, 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వ భద్రతా సంస్థ నాలుగు లక్షలకు పైగా కార్లపై విచారణ మొదలుపెట్టింది. ఈ మాట కూడా మా అల్లుడే చెప్పాడు, పాపం, తన వాదనకు తానే గండి కొట్టుకుంటూ. అక్కడ ఫిర్యాదుకు లెక్క ఉంది. ఇక్కడ నా ఫిర్యాదు "సాధారణ తనిఖీ".

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు ట్యాక్సీ డ్రైవర్లను అడిగాను. బండి స్టార్టు చేయగానే దేవుడికి ఒక దండం, ఆ తరువాత అడాస్‌కు (ఆటో బ్రేకు లాంటివి ఉండే డ్రైవరు సహాయక ఏర్పాటుకు) సెలవు, అదే వారి పద్ధతి. ఒకతను అన్నాడు: "లారీ ఎటు తిరుగుతుందో క్లీనరు చెయ్యి చూసి చెప్పగలను. ఇది ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేను." ఇప్పుడు నేనూ అంతే. తాళం తిప్పిన ప్రతిసారీ అది మళ్లీ మేలుకుంటుంది, నేను మళ్లీ మీట నొక్కి నిద్రపుచ్చుతాను. రెండు లక్షలు పోసి కొన్నదాన్ని రోజుకు రెండుసార్లు ఆపుకోవడం, అదీ నేను వాడుతున్న మీ అత్యాధునిక సదుపాయం. ఏ రోజైనా నిజంగా ఒక పిల్లవాడు అడ్డొస్తే? ఆ ఆలోచనతో కూడా నిద్ర పట్టడం లేదు. మీ పుస్తకంలో మాత్రం సమస్త బాధ్యతా డ్రైవరుదేనని ప్రతి అధ్యాయంలోనూ రాశారు. బ్రేకు వేసే అధికారం దానిది, జవాబు చెప్పే బాధ్యత నాది.

కారు మార్చి ఇమ్మని నేను అడగడం లేదు. డబ్బు వెనక్కి ఇమ్మనీ అడగడం లేదు, ఇస్తే కాదననుకోండి. ఆ యంత్రం గురించి తెలిసిన మనిషిని, కాగితం చదివేవారిని కాదు, ఒక్కరిని పంపండి. నా పక్క సీట్లో కూర్చుని కొర్లపహాడ్ నుంచి నకిరేకల్ దాకా రావాలి. జూన్ 14 ఉదయం కారు ఏమి చూసిందో దాని జ్ఞాపకంలోంచి తీసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. భోజనం మా ఇంట్లో.

పదిహేను రోజులు చూస్తాను. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నా ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, మీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి నేను రానక్కరలేదు, మీరే ఇక్కడికి రావాలి. జాబ్ కార్డులు, సందేశాలు, కడిగిన బిల్లు, ఆ బ్యాటరీ పెద్దమనిషికి రాసిన ఉత్తరం, అన్నీ ఫైలులో తేదీల వరసలో ఉన్నాయి. రిటైరైన ఇంజనీరు దగ్గర ఫైళ్లకూ తీరికకూ కొదవ ఉండదు. మా వియ్యంకుడు వచ్చే నెల కారు మారుస్తున్నాడన్న సంగతి కూడా మీ చెవిన వేస్తున్నాను.

ఈలోగా చిన్న పని ఒకటి చేశాను. బీసెంట్ రోడ్డు దగ్గర బోర్డులు రాసే అతనితో కారు వెనుక అద్దానికి స్టిక్కరు వేయించాను, పసుపు మీద నల్ల అక్షరాలు: "దూరంగా రండి. ఈ కారు ఎప్పుడు ఆగుతుందో కంపెనీకి కూడా తెలియదు." కింద మీ కంపెనీ గుర్తు ఎలాగూ ఉంది. బెంజి సర్కిల్‌లో ఎర్ర దీపం పడ్డప్పుడల్లా వెనుకవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. అది తీయించాలో, ముందు అద్దానికి కూడా ఒకటి వేయించాలో మీ జవాబు చూసి నిర్ణయించుకుంటాను.

ఇట్లు,
మీ మూడు కార్ల పాత వినియోగదారుడు
(అందుబాటులోనే ఉన్నాను)