వాల్వు రేడియోల లోపలి భాగాలను తూకానికి వేయకండి

అయ్యా,

ట్రాన్సిస్టర్లకు ముందు గాజుబుడ్ల వంటి వాల్వులతో పనిచేసిన పాత రేడియోల చెక్కపెట్టెలకు పాలిష్ పట్టి, లోపలి భాగాలన్నీ పెరికివేసి, వాటి స్థానంలో బ్లూటూత్ స్పీకర్లు బిగించి అమ్మడం ఈమధ్య కడపలోనూ కనిపిస్తోంది. పోయిన నెల ఒక దుకాణంలో అటువంటివి మూడు చూశాను. వెనుక అట్టపై అచ్చువేసిన వాల్వుల పేర్లను బట్టి వాటిలో ఒకటి బ్యాటరీ సెట్టు అని గుర్తుపట్టి, చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు చట్రం) ఏమైందని అడిగితే, పాత ఇనుముతోపాటు తూకానికి వేశామన్నారు. నాకు చాలా బాధ కలిగింది.

ట్రాన్సిస్టర్లు వచ్చిన తర్వాతే కరెంటు లేని పల్లెల్లో రేడియో మోగిందని చాలామంది అనుకుంటారు. మా ఊరికి కరెంటు స్తంభాలు రాకముందే మా ఇంట్లో నాలుగు వాల్వుల బ్యాటరీ రేడియో ఉండేది. మిద్దె మీది నుంచి వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టి, ఎర్తు తీగను జాలాడి దగ్గర తడినేలలో పాతారు. బ్యాటరీ ఖరీదైనది కనుక సాయంత్రం వార్తలు ముగియగానే మా నాయన దాన్ని ఆపివేసేవారు.

ఆ పొదుపు సెట్టు నిర్మాణంలోనే ఉంది. వాల్వుకు ఫిలమెంటును, అంటే లోపలి సన్నని తీగను, వేడిచేయడానికి తక్కువ వోల్టేజీ, ఆ ఫిలమెంటు నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను ప్లేటు అనే లోహపు రేకు వైపు లాగడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి; అందుకు రెండు బ్యాటరీలు వాడేవారు. 1920ల తొలినాళ్లలో యూవీ 201 వాల్వు ఒక్కటే ఫిలమెంటుకు 1 ఆంపియర్ తీసుకునేది; అందువల్ల కారు బ్యాటరీ వంటి బరువైన యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ చార్జింగుకు మోయవలసి వచ్చేది. టంగ్‌స్టన్ తీగలో కొద్దిగా థోరియం కలిపితే తక్కువ వేడికే ఎలక్ట్రాన్లు వెలువడతాయి కాబట్టి, దాని తర్వాత వచ్చిన 201ఎ వాల్వుకు పావు ఆంపియర్ సరిపోయింది. మా సెట్టులోని డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96 వాల్వులకు 1.4 వోల్టుల వద్ద తలా 25 మిల్లీ ఆంపియర్లు, స్పీకరును నడిపే డీఎల్ 96కు 50 చాలు. నాలుగింటికీ కలిపి 0.175 వాట్లు! కరెంటు రేడియోల్లో 6.3 వోల్టుల వద్ద 0.3 ఆంపియర్ తీసుకునే ఒక్క వాల్వు హీటరుకే దీనికి పదిరెట్లకు పైగా ఖర్చవుతుంది.

ఫిలమెంటుకు, ప్లేటుకు మధ్య ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపుచేసే తీగల జాలీ అయిన గ్రిడ్డుకు రుణ వోల్టేజీ ఇవ్వడానికి పూర్వం మూడో బ్యాటరీ ఉండేది. తర్వాతి సెట్లలో ప్లేటుకు వోల్టేజీ ఇచ్చే 90 వోల్టుల బ్యాటరీ రుణధ్రువపు దారిలో ఒక చిన్న రెసిస్టరు పెట్టి ఆ మూడో బ్యాటరీని తప్పించారు. ఇంత తక్కువ శక్తితో కూడా మా సెట్టు పూర్తి సూపర్‌హెటరొడైన్ (ఏ కేంద్రపు ప్రసారాన్నైనా ఒకే పౌనఃపున్యానికి మార్చుకొనే) రేడియోగానే పనిచేసేది: కడప కేంద్రపు 900 కిలోహెర్ట్జ్‌కు ముల్లు తిప్పితే, లోపలి ఆసిలేటర్ 1,355 కిలోహెర్ట్జ్ పుట్టిస్తుంది, ఆ రెండింటి తేడా అయిన 455 కిలోహెర్ట్జ్‌నే తర్వాతి వాల్వు పెద్దది చేస్తుంది. భౌతికశాస్త్రం బోధించిన ఇన్నేళ్లలో విద్యార్థులకు చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన పరికరం నాకు దొరకలేదు.

అయితే అంత సన్నని ఫిలమెంటు ఏమాత్రం పొరపాటునూ తట్టుకోలేదు. మా సెట్టును బాగుచేయమని ఇస్తే, ఒక మెకానిక్ 90 వోల్టులను ఫిలమెంటు తీగలకు కలిపాడు. నాలుగు వాల్వులూ రెప్పపాటులో పోయాయి.

కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో ఇటువంటి బ్యాటరీ రేడియోను వెనుక అట్ట తీసి, చాసిస్ కనిపించేలా ప్రదర్శించాలని అధికారులను కోరుతున్నాను. పెట్టెను అమ్మదలచిన ఇంటివారు చాసిస్‌ను, వాల్వులను దగ్గరలోని కళాశాల భౌతికశాస్త్ర విభాగానికి ఇవ్వాలని మనవి. బ్యాటరీ తీగల కొనలకు 1.5, 90 అని రాసిన చీటీలు ఇంకా అంటుకొని ఉంటే, దయచేసి వాటిని పీకివేయకండి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
కడప