వరద బీమాకు ఈ వాయిదాల పొడిగింపు ఇంకెన్నాళ్లు?

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా జాతీయ వరద బీమా పథకం గడువు ముగిసే ప్రతిసారీ ఇక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ కొద్దిరోజులో కొన్ని నెలలో పొడిగించి చేతులు దులుపుకొంటోంది. 2017 నుంచి ఇలాంటి పొడిగింపులు 30 దాటాయి. ఇకనైనా కనీసం ఐదేళ్లకు సరిపడా చట్టం చేయాలి.

మామూలు ఇంటి బీమాలో వరద నష్టం ఉండదు. 1968లో మొదలైన ఈ ప్రభుత్వ పథకమే ఎక్కువమందికి దిక్కు. ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, సామానుకు లక్ష దాకా ఇస్తుంది. వరద ముప్పు ఎక్కువని గుర్తించిన చోట ఇల్లు కొంటే, బీమా చూపించందే బ్యాంకులు లోన్ ఇవ్వవు.

2025 అక్టోబరు 1న నిధులకు ఆమోదం దొరక్క ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం మూతపడినప్పుడు ఈ పథకం గడువూ తీరిపోయింది. నవంబరు 12 దాకా కొత్త పాలసీల్లేవు. మా బంధువులబ్బాయి సరిగ్గా అప్పుడే ఇల్లు కొంటున్నాడు. క్లోజింగ్ (ఇల్లు చేతికొచ్చే చివరి సంతకాలు) ఆగిపోయింది, బ్యాంకుతో ముందే ఖాయం చేసుకున్న వడ్డీ రేటు చేజారింది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని అప్పటికే చెప్పేశారు. ఇద్దరు పిల్లలతో స్నేహితుల ఇంట్లో తలదాచుకున్నారు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

అసలు సెప్టెంబరు 30ని గడువుగా పెట్టడమే అన్యాయం. జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల (పెను తుపాన్ల) కాలం. పైగా పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది.

హార్వీ హరికేన్ వచ్చిన 2017 ఆగస్టులో హ్యూస్టన్ పక్కన కేటీ వైపు, బార్కర్ రిజర్వాయర్ వెనకనున్న కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక గోడల షీట్‌రాక్‌ను (జిప్సం పలకలను) నడుం ఎత్తు దాకా కోసేశారు. తడిసిన కార్పెట్లు, పరుపులు, పెళ్లి ఆల్బమ్‌లు ప్రతి ఇంటి ముందూ గుట్టలుగా పడున్నాయి. మునిగిన ఇళ్లలో చాలావాటికి వరద బీమా లేదు. ‘మాది ఫ్లడ్ జోన్ కాదు కదా’ అనుకున్నవాళ్లే అంతా. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఈ పథకం అప్పుల్లో ఉన్న మాట నిజమే. 2017లో 1,600 కోట్ల డాలర్లు మాఫీ చేసినా ఇంకా 2,000 కోట్లకు పైగా బాకీ ఉంది. మళ్లీ మళ్లీ మునిగే ఇళ్లను ప్రభుత్వమే కొనేయాలా, ఎత్తు పెంచుకోవడానికి సాయం చేయాలా, ఏటా 18 శాతం దాకా పెరిగే ప్రీమియం మధ్యతరగతి ఎలా కట్టాలి? ఇవన్నీ తేల్చాల్సినవే. రెండు మూడు నెలల పొడిగింపుల మధ్య వాటిని తేల్చే తీరిక ఎవరికుంటుంది?

ఇక్కడున్న మనవాళ్లకు నా విన్నపం. ఓటు లేకపోయినా, హెచ్1బీ మీద ఉన్నా, మీ ప్రాంత కాంగ్రెస్ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయవచ్చు. ఐదేళ్ల పొడిగింపుకు ఓటేస్తారా లేదా అని సూటిగా అడగండి. తెలుగు సంఘాలు కూడా తమ సభల్లో ఈ విషయం లేవనెత్తాలి.

– ఒక పాఠకుడు, కేటీ, టెక్సస్