అడ్వాన్సు కట్టే ముందు ఈ లెక్క చూడు

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం బుధవారం అందింది. అమ్మగారి మోకాలి నొప్పి కాస్త తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. పాపకు కాలేజీలో సీటు వచ్చిందని చెప్పగానే మీ చెల్లెలు దేవుడి ముందు దీపం పెట్టి వచ్చింది.

ఇక కారు సంగతి. డీజిల్ బండే తీసుకోవాలని దాదాపు నిర్ణయించామనీ, మామగారి మాట కూడా అదేననీ, లీటరుకు 12 రూపాయలు తక్కువ, పైగా మైలేజీ ఎక్కువ, ఇంక ఆలోచించడానికి ఏముందనీ రాశావు. అడ్వాన్సు ఇంకా కట్టలేదని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, అది చదివే కలం పట్టుకున్నాను. కట్టకు. ఒక్క నెల ఆగు.

మామగారి మాట తీసిపారేసేది కాదు. ఆయన బండి కొన్న రోజుల్లో అది అక్షరాలా నిజం. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. ప్రభుత్వం డీజిల్ ధరను పెరగకుండా పట్టి ఉంచేది. ఆ ఏడాదే నేనూ డీజిల్ కారు కొన్నాను. అప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు భువనగిరి వెళ్లి రావాలి కదా, ఎనిమిదేళ్లలో లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలు బండి కంటే ఎక్కువ పెట్టిన డబ్బు మూడేళ్లు తిరక్కముందే రాబట్టింది. అయితే 2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చారు, 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. 2020 జూన్ చివర్లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలును దాటిపోయింది కూడా. ఇప్పుడు మా ఊళ్లో పెట్రోలు 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. మీ వైపు రెండూ ఇంకాస్త ఎక్కువే అయినా తేడా మాత్రం 12 దగ్గరే. ఆ రోజుల్లో లీటరుకు 32 రూపాయలు మిగిలేవి కాబట్టి కళ్లు మూసుకుని కొన్నాం. ఇప్పుడు లెక్క వేయకుండా కొనడానికి లేదు.

మైలేజీ మాట నిజమే, అది ఎవరూ కాదనరు. డీజిల్ చిక్కటి ఇంధనం, లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. ఇంజను కూడా గాలిని బాగా ఎక్కువగా నొక్కి, ఆ వేడితోనే మండిస్తుంది, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు అవసరం లేదు. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇంజను బరువుగా, గట్టిగా కట్టాలి. అందుకే ఖరీదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక పొగను శుభ్రం చేసే సరంజామా కూడా తోడై ఆ ఖరీదు ఇంకా పెరిగింది. మారుతి కంపెనీ అప్పుడే డీజిల్ కార్లు ఆపేసింది, గుర్తుందిగా.

ఇప్పుడు నీ లెక్క. నువ్వు చూసిన బండిలో పెట్రోలుకూ డీజిల్‌కూ తేడా లక్షా ముప్పై వేలు అన్నావు. పెట్రోలు బండి ఊళ్లోనూ హైవేలోనూ కలిపి లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుంది అనుకో, డీజిల్ 18 ఇస్తుంది అనుకో. షోరూములో చెప్పే అంకెలు పక్కన పెట్టు, అవి పరీక్షలో వచ్చేవి, మన రోడ్ల మీద రావు. అప్పుడు పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 64 పైసలు, డీజిల్‌కు 5 రూపాయల 30 పైసలు. అంటే కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై పైసల పైన మిగులు. బాగానే ఉంది. మరి నువ్వు తిరిగేది ఎంత? కాలేజీకి రానూపోనూ 12 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు కందుకూరు. ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి (రెండుసార్లు రావాలి సుమా). ఎటు లాగినా ఏడాదికి ఏడున్నర వేల కిలోమీటర్లు దాటదు. మిగిలేది పదిహేడు వేల చిల్లర. డీజిల్ బండికి సర్వీసింగులో ఆయిలు, ఫిల్టర్ల కింద ఏడాదికి రెండు మూడు వేలు అదనంగా అవుతుంది. అది తీస్తే చేతికి వచ్చేది పదిహేను వేలు. ఆ లక్షా ముప్పై వేలు నువ్వు అప్పు తెచ్చి పెట్టేదే కదా. తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ల కిస్తీలంటే లక్షా అరవై రెండు వేలు అవుతుంది. పదేళ్లు దాటితే గానీ నీ డబ్బు నీకు రాదు రమణా. అప్పటికి పాప పెళ్లి మాటలు నడుస్తుంటాయి.

డబ్బు ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయను. నాకు జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. 2021లో పాత అలవాటు కొద్దీ మళ్లీ డీజిలే కొన్నాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆఫీసు ఇంటికి అయిదు కిలోమీటర్ల దూరానికి మారింది. ఒకరోజు వానలో ఇంటికి వస్తుంటే డ్యాష్‌బోర్డు మీద నారింజ రంగు దీపం వెలిగింది, లోపల చుక్కలున్న చిన్న డబ్బా బొమ్మ. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే మసి ఫిల్టరు నిండిందన్నారు. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ అది. బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. అందుకు బండి గంటకు అరవై పైన ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. నా బండి నాలుగు సిగ్నళ్లు దాటి ఇంటికి చేరిపోయేది, వేడెక్కేదెప్పుడు? అప్పటి నుంచి నెలకో ఆదివారం మీ చెల్లెల్ని కూర్చోబెట్టుకుని అవుటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చేవాణ్ణి, పనేమీ లేకుండా.

అంతటితో అయిపోలేదు. ఒక ఉదయం బానెట్ ఎత్తి ఆయిలు చూసే కడ్డీ బయటికి తీశాను. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే, ఆయిలు పై గీత దాటి వేలెడు పైకి ఉంది. ఆయిలు తగ్గుతుంది గానీ పెరగడమేమిటి? రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే నీళ్లలా పల్చగా జారింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. మసిని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ చిమ్ముతుందట, మధ్యలో ఇంజను ఆపేసినప్పుడల్లా కాలకుండా మిగిలింది కిందికి దిగి ఆయిల్లో కలుస్తుందట. ఆయిలు మార్పించాను. ఫిల్టరే మార్చాల్సి వస్తే లక్ష దాటుతుందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీ పన్నెండు కిలోమీటర్లు కూడా ఇలాంటివే: ఆరు పొద్దున, ఆరు సాయంత్రం.

మీ బావమరిది సంగతి వేరు. చీమకుర్తి క్వారీలకు రోజూ, కృష్ణపట్నం పోర్టుకు వారం వారం తిరిగే మనిషి. ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు సునాయాసంగా అవుతాయి. అతనికి డీజిల్ బండే సరైనది, మూడేళ్లు తిరక్కుండా తేడా రాబట్టుకుంటాడు, ఫిల్టరు గొడవ కూడా ఉండదు. అతని మాట విని నువ్వు కొనవద్దు, నా మాట విని అతను మానుకోవద్దు.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, దానివల్ల మైలేజీ కొంత తగ్గుతుంది, అది నిజం. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. 14 కాస్తా 13 అయిందనుకున్నా, అప్పుడు నీకు ఏడాదికి ఇంకో నాలుగున్నర వేలు భారం. దాన్ని కూడా లెక్కలో కలుపు, అయినా ఎనిమిదేళ్ల కిందకు దిగదు. నువ్వు కొనే బండి ఆ పెట్రోలుకు సరిపడేలా చేసిందో లేదో మాత్రం అడిగి తెలుసుకో.

ఒక పని చెయ్యి. ఇప్పుడున్న పాత బండికి ట్యాంకు నిండా కొట్టించు, పైపు దానంతట అదే ఆగేదాకా. మీటరు అంకె రాసుకో. మళ్లీ నింపినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. నా డ్యాష్‌బోర్డు అరలోని నోటుపుస్తకంలో మా తమ్ముడి పెట్రోలు కారు లెక్క ఉంది: 452 కిలోమీటర్లు, 31.4 లీటర్లు, అంటే 14.4. ఎక్కువగా హైవే మీద తిరిగిన నెల అది. ఊళ్లోనే తిరిగిన నెల పదకొండున్నర. ఆ పేజీలు ఫొటో తీసి పంపుతాను.

నెలాఖరుకు నీ అంకెలు నాకు రాయి. మామగారికి నా నమస్కారాలు చెప్పి, ఈ ఉత్తరం ఆయనకు కూడా చదివి వినిపించు.

నీ
శ్రీను