లెక్కలో ఉన్నాం, ఓటులో లేం

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికా ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన పత్రికల్లో ఒకే రకం వార్త వస్తుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి డెమోక్రాట్ల రాష్ట్రాల నుంచి జనం టెక్సస్‌కు, ఫ్లోరిడాకు తరలిపోతున్నారు కాబట్టి ఇవాళ కాకపోతే రేపు అవి కూడా డెమోక్రాట్ల చేతికి వస్తాయని, అందులోనూ తెలుగువాళ్ల ఓటే కీలకమని. నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండి, తర్వాత టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి స్థిరపడి ఇక్కడ ఓటు వేస్తున్నదాన్ని. ఆ వార్తల్లో సగం లెక్క తప్పు, మిగతా సగంలో మనవాళ్లకు సంబంధించిన అసలు సంగతే ఉండదు.

ముందు ఎవరు కదులుతున్నారో చూడండి. ఒక రాష్ట్రంలో డెమోక్రాట్లు ఎక్కువ ఉన్నంత మాత్రాన అక్కడి నుంచి బయటికొచ్చేవాళ్లంతా డెమోక్రాట్లు అయిపోరు. కాలిఫోర్నియా పన్నులూ స్కూళ్లూ ప్రభుత్వమూ నచ్చక విసిగిపోయినవాళ్లే ముందుగా సామాను సర్దుకుంటారు. 2018లో టెక్సస్ సెనేట్ సీటుకు రిపబ్లికన్ టెడ్ క్రూజ్, బీటో ఓరూర్క్ హోరాహోరీగా పోటీపడ్డారు. ఆ రోజు సీఎన్ఎన్ ఎగ్జిట్ పోల్‌లో టెక్సస్‌లో పుట్టినవాళ్లు స్వల్ప తేడాతో డెమోక్రాట్ ఓరూర్క్ వైపు ఉంటే, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లలో 57 శాతం క్రూజ్‌కు వేశామన్నారు. చివరికి క్రూజ్ మూడు శాతం కూడా తేడా లేకుండా గట్టెక్కాడు. అంటే ఆయన్ని గట్టెక్కించింది బయటినుంచి వచ్చినవాళ్లే. "టెక్సస్‌ను కాలిఫోర్నియా చెయ్యొద్దు" అని ఇక్కడి నాయకులు ఎంత అరిచినా జరిగింది అదీ.

ఫ్లోరిడా ఇంకా స్పష్టం. 2000లో 537 ఓట్లతో దేశాధ్యక్షుణ్ణి తేల్చిన రాష్ట్రమది, 2012లో ఒబామా గెలిచిన రాష్ట్రం. 2018లో రిపబ్లికన్ డిశాంటిస్ గవర్నర్‌గా ఓ 32 వేల ఓట్ల తేడాతో బయటపడ్డాడు. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఆంక్షలు లేని రాష్ట్రం కావాలనుకున్నవాళ్లు వచ్చి చేరారు, 2022లో అదే మనిషి 19 శాతం తేడాతో గెలిచాడు. ఇదంతా వలస వల్లే అనను, మయామీ వైపు లాటినోలు కూడా పార్టీ మారారు. కానీ వచ్చినవాళ్లు ఎటు మొగ్గారో అందరికీ కనిపిస్తూనే ఉంది.

అలాగని అన్నిచోట్లా ఇదే జరగలేదు. కొలరాడో 2004 వరకు రిపబ్లికన్ బుష్‌కు ఓటేసి, డెన్వర్ చుట్టూ చదువుకున్న కుర్రకారు వచ్చి చేరాక 2008 నుంచి మళ్లీ అటు తిరిగి చూడలేదు. అట్లాంటా చుట్టుపక్కల ఊళ్లు పెరిగి పెరిగి 2020లో జార్జియాలో బైడెన్ 11,779 ఓట్లతో గెలిచాడు. మా జిల్లా లాంటి కాలిన్ కౌంటీలో 2012లో రిపబ్లికన్ రామ్నీకి దాదాపు 65 శాతం ఓట్లు వస్తే 2020లో ట్రంప్‌కు 51 శాతం చిల్లర వచ్చాయి. 2024లో మళ్లీ కాస్త పెరిగాయి. ఎక్కువమంది వచ్చేది ఉద్యోగం కోసమే, ఇల్లు కొనుక్కోవడానికే. మేమూ అందుకే వచ్చాం. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడి వస్తే ఇంటి విలువలో రెండు శాతానికి దగ్గరగా ఏటా ఇంటిపన్ను కట్టాలని తర్వాత తెలుస్తుంది, అది వేరే కథ. కానీ ఎక్కడికైనా వెళ్లగల స్తోమత ఉన్నవాళ్లు మాత్రం తమ మనసుకు దగ్గరగా ఉన్న చోటే చూసుకుంటున్నారు. ఐడహోలో అబార్షన్ నిషేధం వచ్చాక గర్భిణులకు వైద్యం చేసే డాక్టర్లు వెళ్లిపోవడం మొదలైంది. శాండ్‌పాయింట్ అనే ఊళ్లో ఆసుపత్రి 2023లో కాన్పులు చేయడమే మానేసింది, డాక్టర్లు పోతున్నారని, అక్కడి చట్టాలూ అందుకో కారణమని ఆసుపత్రే చెప్పింది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతే మిగిలినవాళ్లు పురుడు కోసం ఇంకో ఊరు పరుగెత్తాలి.

ఇక మన పత్రికలు వదిలేసే అసలు సంగతి. మనిషి కదిలితే ఓటు ఒక్కటే కదలదు, సీటు కూడా కదులుతుంది. మన దగ్గర రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకం దశాబ్దాలుగా 1971 లెక్కల మీదే నడిచింది కాబట్టి ఇది చప్పున తట్టదు. అమెరికాలో పదేళ్లకోసారి జనగణన అవగానే ప్రతినిధుల సభలోని 435 సీట్లను రాష్ట్రాలకు మళ్లీ పంచుతారు, వాటితోపాటు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లూ మారతాయి. 2020 లెక్కల తర్వాత టెక్సస్‌కు రెండు సీట్లు, ఫ్లోరిడాకు ఒకటి పెరిగాయి. కాలిఫోర్నియాకు తన చరిత్రలోనే మొదటిసారి ఒకటి తగ్గింది. న్యూయార్క్ ఒక సీటు పోగొట్టుకుంది 89 మంది తక్కువై. మనవైపు నిశ్చితార్థానికి వచ్చే బంధువులే అంతకంటే ఎక్కువ ఉంటారు. 2024లో కమలా హారిస్‌కు 226 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ కూడా గెలిచి ఉంటే సరిగ్గా 270 అయ్యేది, అంటే గెలిచేది. జనం ఇలాగే దక్షిణానికి కదులుతూ పోతే 2030 జనగణన తర్వాత ఆ మూడూ గెలిచినా చాలవు. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకుండానే!

మరి ఈ సీట్ల లెక్కలో ఎవరెవరు ఉంటారు? రాజ్యాంగ 14వ సవరణ ప్రకారం రాష్ట్రంలో నివసించే మనుషులందరూ. పౌరులు మాత్రమే అని అందులో లేదు. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు, హెచ్4 అనే కుటుంబ వీసా మీద ఉన్న వాళ్ల భార్యలు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాళ్లు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, అందరూ లెక్కలోకి వస్తారు. 2010, 2020 మధ్య టెక్సస్ జనాభా దాదాపు 40 లక్షలు పెరిగింది, అందులో 95 శాతం శ్వేతేతరులే. ఆ పెరుగుదల తెచ్చిన సీట్లలో మా ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాల వాటా కూడా ఉంది.

ఉగాదికి ఇక్కడ గుడి బయట ఓటరు నమోదు బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. పులిహోర ప్లేటు పట్టుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టే "మేం ఇంకా హెచ్‌1బీ అండీ" అని నవ్వి వెళ్లిపోయారు. ఒకాయన మాత్రం ఆగాడు. పదేళ్లు దాటింది వచ్చి, ఇల్లు కొన్నాడు, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. "మా ఇంటిపన్నుతోనే కదమ్మా ఈ స్కూళ్లు నడిచేది, స్కూల్ బోర్డుకు కూడా ఓటు లేదా?" అని అడిగాడు. లేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన ఉండటం వల్ల టెక్సస్ బలం పెరిగింది. ఆ బలాన్ని ఎవరు ఎలా వాడాలో చెప్పే హక్కు ఆయనకు లేదు. 2025 ఆగస్టులో జనగణన ఏమీ లేకుండానే మధ్యలో టెక్సస్ నియోజకవర్గాల మ్యాపు మళ్లీ గీశారు, రిపబ్లికన్లకు ఇంకో ఐదు సీట్లు వచ్చేలా. దానికి జవాబుగా నవంబరులో కాలిఫోర్నియా ప్రాపొజిషన్ 50 అనే ప్రజా ఓటింగుతో తన మ్యాపును డెమోక్రాట్లకు అనుకూలంగా మార్చుకుంది. రెండూ తప్పే అంటాను నేను. మరోపక్క హెచ్‌1బీ వాళ్లను తలలుగా లెక్కేసుకుని సీటు తెచ్చుకున్న ఫ్లోరిడాలో, 2025 అక్టోబరులో డిశాంటిస్ తమ యూనివర్సిటీలు హెచ్‌1బీ మీద మనుషుల్ని పెట్టుకోవద్దన్నాడు. లెక్కకు పనికొచ్చిన మనిషి ఉద్యోగానికి పనికిరాడా? పౌరులు కానివాళ్లను సీట్ల లెక్కలోంచే తీసేయాలని 2024 మేలో ప్రతినిధుల సభ ఒక బిల్లు కూడా పాస్ చేసింది. సెనేట్‌లో అది ముందుకు పోలేదు కానీ ఆ మాట మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

కాబట్టి సంపాదకుల గారూ, ఈసారి అమెరికా ఎన్నికల పేజీలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో రాసేటప్పుడు వాళ్లలో ఓటున్నవాళ్లు ఎంతమందో విడిగా రాయండి. పౌరసత్వం వచ్చినవాళ్లకు పనికొచ్చేది కూడా రాయండి. కాలిఫోర్నియా నుంచి వచ్చిన మా స్నేహితులు చాలామంది అక్కడిలాగే ఫోన్‌లో రెండు నిమిషాల్లో నమోదైపోతుందనుకుంటారు. ఇక్కడ మామూలుగా అయితే కాగితం ఫారం నింపి, సంతకం పెట్టి, ఎన్నికకు 30 రోజుల ముందే కౌంటీ ఆఫీసుకు చేర్చాలి, ఇంకో కౌంటీకి ఇల్లు మారితే మళ్లీ నింపాలి. ఆ గడువు దాటాక ఎవరెంత మొత్తుకున్నా ఆ ఎన్నికకు ఓటు ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సస్